కండక్టరమ్మ వాటా

ఆవిడ సిటీ బస్సులో కండక్టరు, ఆయన దర్జీ. వీధిలో అందరూ ఆవిణ్ణి కండక్టరమ్మ అనే పిలిచేవారు. కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు నుంచి వెనక సీటు దాకా వినపడే గొంతు ఆవిడది. డ్యూటీ దిగినా ఆ గొంతు దిగేది కాదు. వీధి మొదట్లో ఆవిడ ఎవరినో పలకరిస్తుంటే, ఇంటి ముందు గదిలో మిషను తొక్కుతున్న దర్జీకి వినపడేది. ఆయన లేచి టీ పెట్టేవాడు. ఆవిడ గుమ్మం ఎక్కేసరికి ఆ టీ చల్లారిపోయేది, ఎందుకంటే దారిలో ఇంకో నలుగురు తగిలేవారు.

ఒక చలికాలం పొద్దున డిపోలో బస్సెక్కబోతూ ఆవిడ మెట్టు మీదే కూలబడిపోయింది. ఆసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి సగం స్వాధీనం తప్పింది. కాలు ఈడుస్తూ ఈడుస్తూ కొన్నాళ్ళకు దారికొచ్చింది. మాట మాత్రం పోయింది.

పోయిందంటే పూర్తిగా పోలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆవిడకు అర్థమయ్యేది. తను చెప్పదలచుకున్నది మనసులో ఉండేది. అది నాలుక దాకా వచ్చేలోపు ఎక్కడో తప్పిపోయేది. టీ కావాలని నోరు తెరిస్తే "తలుపు" అని వచ్చేది. తన నోటి నుంచి వచ్చిన మాట విని తనే నివ్వెరపోయి, "కాదు, కాదు" అని తల కొట్టుకునేది. ఆ "కాదు" మాత్రం పిలిస్తే పలికేది. ఇంకో రెండు మాటలు కూడా చెక్కు చెదరకుండా మిగిలాయి: "రైట్ రైట్", "హోల్డాన్". ఏళ్ళ తరబడి రోజంతా అన్న మాటలు కదా, అవి వేరే అరలో దాక్కుని బతికిపోయుంటాయని ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది. మిగతావి కూడా వస్తాయి, కానీ ఓపిక కావాలంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నం చాలనడానికి హోల్డాన్, ఇంకొంచెం వడ్డించమనడానికి రైట్ రైట్.

మాట్లాడే పని ఇప్పుడు దర్జీ మీద పడింది. ఆయన పొదుపుగా మాట్లాడే మనిషి. చెయ్యెత్తండి, దించండి, బుధవారం రండి... ఈ మూడింటితో ఆయన రోజు గడిచిపోయేది. అలాంటిది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆవిణ్ణి చూసి, ఆయనవైపు తిరిగి, "ఎలా ఉంది ఈవిడకి?" అని అడిగేవారు. మొదట్లో నీళ్ళు నమిలేవాడు. తర్వాత సమాధానాలు కుదిరాయి. ఆ తర్వాత ఎవరూ అడక్కముందే చెప్పడం అలవాటైంది. "ఆవిడకి ఎండ పడదు." "ఆవిడకి ఇప్పుడు నిద్రొస్తోంది." "ఆవిడ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టి, ఆవిడ అననివి కూడా చెప్పేసేవాడు. ఆవిడ మాట కోసం తంటాలు పడుతుంటే ఆయన మిషను తొక్కడం ఆపేసేవాడు. ఆ కష్టం తప్పిద్దామని చటుక్కున ఏదో ఒక మాట అందించేవాడు. కొన్నిసార్లు అది సరైన మాటే అయ్యేది. కానప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేది. అలసిపోయిందని ఆయన దుప్పటి కప్పేవాడు.

వాళ్ళ ఇంటి పక్కనే ఒక ఖాళీ జాగా ఉంది. పాత గోడౌను కూల్చాక మిగిలిన జాగా. ఇటుక ముక్కలు, విరిగిన కుర్చీలు, వీధిలో అందరూ చాటుగా పారేసిన చెత్త అక్కడే పేరుకుపోయాయి. ఒకరోజు పట్టపగలు ఒక పందికొక్కు ఆ చెత్తలోంచి తీరిగ్గా బయటికొచ్చి, దర్జీ వాళ్ళ మేడ మీద కాపురముండే నర్సు కాళ్ళ మీదుగా నడిచిపోయింది. ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఎంతటి రక్తాన్ని చూసినా జంకని మనిషి. ఆ రోజు మాత్రం వీధంతా దద్దరిల్లేలా కేక పెట్టింది. సాయంత్రానికల్లా ఆ జాగా సొంతదారు ఎవరో కనుక్కుని ఫోను చేసింది. "ఇల్లు కట్టుకునేదాకా మీ ఇష్టమమ్మా. చెత్త వెయ్యకపోతే అదే పదివేలు" అన్నాడట ఆయన.

మర్నాడు నర్సు గుమ్మం గుమ్మం తిరిగింది. "చెత్త ఎత్తేసి ఊరుకుంటే మళ్ళీ వేస్తారు. మొక్కలు పెడదాం. తలా ఒక మడి. మొక్క ఉన్నచోట చెత్త వెయ్యడానికి చెయ్యి రాదు ఎవరికీ."

ఎదురింటి లారీ డ్రైవరు, "నేను మట్టి తోలిస్తా" అన్నాడు. మూలింటి లెక్కల మాస్టారు, ఉద్యోగం విరమించాక వీధి మీద వెళ్ళే కార్లు తప్ప లెక్కపెట్టడానికి ఇంకేమీ లేక విసిగిపోయి ఉన్నాడేమో, వెంటనే ఒప్పుకున్నాడు. దర్జీ వెనకాడాడు.

"నాకెక్కడ కుదురుతుందమ్మా! ఈవిణ్ణి ఒక్కదాన్నీ వదిలి..."

"వదలడం ఎందుకు బాబాయ్? పిన్ని కూడా వస్తారు" అంది నర్సు.

"ఆవిడకి దుమ్ము పడదు."

ఆయన మాట పూర్తయ్యేలోపే కండక్టరమ్మ గోడకు ఆనించిన చేతికర్ర అందుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దిగి బయట నిలబడింది. "రైట్ రైట్" అంది.

చెత్త తీసేసరికి ఒక వారం పట్టింది. వీధివాళ్ళంతా ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి తలో తట్ట ఎత్తారు. తను పారేసిన విరిగిన కుర్చీని తనే మోస్తూ మాస్టారు, "ఎవరు వేశారో చూడండి, సిగ్గూ శరమూ లేకుండా" అని గట్టిగా తిట్టాడు. కండక్టరమ్మ పీట మీద కూచుని ఎడం చేత్తో ఇటుక ముక్కలు ఏరి ఒక పక్క పోగేసింది. దర్జీ నిమిషానికోసారి వచ్చి, "చాల్లే, ఇక లే" అనేవాడు. "కాదు" అనేది.

తర్వాత మట్టి లారీ వచ్చింది. సందు ఇరుకు. లారీ వెనక్కి వచ్చి జాగాలోకి తిరగాలి. ఒక పక్క దర్జీ వాళ్ళ ప్రహరీ, రెండో పక్క కరెంటు స్తంభం. వీధిలో మగవాళ్ళంతా చేతులూపుతూ తలో మాటా అరిచారు. ఒకరు కుడికంటే ఒకరు ఎడమకన్నారు. మాస్టారు కోణం సరిపోదన్నాడు. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "బావా, వీళ్ళ నోళ్ళు కుట్టెయ్యవా, మిషను నీ దగ్గరే ఉందిగా!" అని దర్జీని చూసి అరిచాడు. కండక్టరమ్మను అక్కా అని పిలుస్తాడు కాబట్టి, దర్జీ అతనికి బావ.

అప్పుడు కండక్టరమ్మ లేచింది. కర్ర ఊతంతో వెళ్ళి లారీ వెనక, డ్రైవరు అద్దంలో కనపడేచోట నిలబడింది. ఎడమ చేత్తో లారీ వెనక తలుపు మీద దబదబా చరిచింది.

"రైట్ రైట్... రైట్ రైట్..."

అందరూ నోరు మూసుకున్నారు. అది పాత గొంతే. ఎక్కడా తడబాటు లేదు. లారీ అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. స్తంభం పక్క నుంచి వెంట్రుకవాసిలో తప్పుకుంది. ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి, "హోల్డాన్!" అన్న కేక పడింది. లారీ ఠక్కున ఆగింది. డ్రైవరు కిందికి దూకి, ప్రహరీకీ లారీకీ మధ్య అరచెయ్యి దూర్చి చూసి, "అక్కా, నువ్వు నా లారీకి వచ్చెయ్యవే, క్లీనరుని పీకేస్తా" అన్నాడు.

ఆవిడ నవ్వింది. జబ్బు పడ్డాక దర్జీ ఆ నవ్వు చూడటం అదే మొదలు. చేతిలోని పారతో పడ్డ మట్టిని పడ్డచోటే కాసేపు కెలుకుతూ నిలబడ్డాడు.

మళ్ళు గీసే పని దర్జీకే ఇచ్చారు. మెళ్ళోని టేపు తీసి, గుడ్డ మీద గీసినట్టే నేల మీద సుద్దపొడితో గీశాడు. మడికీ మడికీ మధ్య నడవడానికి కాస్త జాగా వదులుతూ, "కుట్టు కోసం వదలాలి కదా" అన్నాడు. నర్సు టమాటా, మిరప నారు తెచ్చింది. డ్రైవరు చిక్కుడు గింజలు తెచ్చాడు. మాస్టారు కొత్తిమీర జల్లి, మర్నాటి నుంచే మొలకలు వచ్చాయా అని వంగి వంగి చూశాడు.

"పిన్నీ, మీ మళ్ళో ఏం వేస్తారు?" అని నర్సు అడిగింది.

ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి.

"చామంతులు" అన్నాడు దర్జీ. "ఆవిడకి చామంతులంటే ప్రాణం."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఆ సాయంత్రమే ఆయన సైకిలు మీద వెళ్ళి చామంతి మొక్కలు తెచ్చి, ఆవిడ వాటా మళ్ళో వరసగా, బొత్తాలు కుట్టినంత పొందికగా నాటాడు. ఆవిడ చూస్తూ కూచుంది. మూడోనాడు పొద్దున ఆయన నీళ్ళ బిందెతో వెళ్ళేసరికి మడి బోసిగా ఉంది. చామంతులన్నీ నర్సు మడి అంచున ఉన్నాయి. వేళ్ళు తెగకుండా మట్టిగడ్డతో సహా తీసి, ఒంటిచేత్తో నాటినట్టు తెలుస్తోంది, వరస వంకరగా ఉంది. కండక్టరమ్మ గోళ్ళ నిండా మట్టితో ఖాళీ మడి పక్కన నిలబడి ఉంది.

"ఏమోయ్, ఏమిటిది?" అన్నాడు దర్జీ. ఆయనకు నిజంగానే మనసు చివుక్కుమంది. "నీకోసమే కదా తెచ్చాను!"

ఆవిడ తలూపింది. ఆయన చెయ్యి పట్టుకుని నిమిరింది. తర్వాత ఖాళీ మడి చూపించి, "కూ... కూచో" అంది.

ఆయన మడి గట్టు మీద కూచున్నాడు.

"కాదు" అంది.

ఆయన లేచాడు. "కూచో" అంది మళ్ళీ. కూచున్నాడు. "కాదు!" ఆవిడకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన కంగారుపడి, "వంకాయా? బీన్సా? పుదీనానా? గులాబీనా?" అని తనకు తెలిసిన మొక్కలన్నీ ఏకరువు పెట్టాడు. తెలిసినవి అయిపోయాక మొక్కల దుకాణంలో విన్నవి కూడా అడిగాడు. ఆవిడ చెవులు మూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఇద్దరూ ముభావంగానే తిన్నారు. హోల్డాన్ లేదు, రైట్ రైట్ లేదు.

కొన్నాళ్ళు గడిచాయి. అందరి మళ్ళూ పచ్చబడ్డాయి. చిక్కుడు తీగ కర్రలు ఎక్కింది. కండక్టరమ్మ వాటా మాత్రం నున్నగా, ఖాళీగా ఉండిపోయింది. అందులో కలుపు మొలిస్తే ఆవిడే పీకేసేది. నర్సు నారు ఇస్తానంటే వద్దని చెయ్యి ఊపేది.

ఒక ఆదివారం సాయంత్రం అందరూ తోటలోనే ఉన్నారు. మాస్టారు ఆ ఖాళీ మడి దగ్గర ఆగి, "ఇంత మంచి నేల వృథా పోతోందమ్మా. మీకు వద్దంటే చెప్పండి, నేను వెల్లుల్లి వేసుకుంటా" అన్నాడు.

"అబ్బే, వద్దని కాదండీ" అని దర్జీ అందుకున్నాడు. "ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. ఆవిడ ఏమంటోందంటే..."

కండక్టరమ్మ కర్ర వదిలేసి, ఆయన ఎదురుగా వచ్చి, ఎడమ అరచేత్తో ఆయన నోరు మూసేసింది. గట్టిగా కాదు. కానీ తియ్యలేదు.

"అలాగే పట్టుకో అక్కా!" అని డ్రైవరు నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపేశాడు. దర్జీకి ఆవిడ అరచేతి గరుకు, మట్టివాసన తెలుస్తున్నాయి. ఆవిడ కళ్ళు ఆయన కళ్ళల్లోకే చూస్తున్నాయి. ఆ చూపులో కోపం లేదు. కొంచెం ఆగు, అంతే, అని బతిమాలుతున్నట్టుంది. ఇన్నాళ్ళూ ఆవిడ గోడవైపు తిరగడం నిద్రొచ్చి కాదని ఆయనకు అప్పుడు తెలిసింది.

"కూచో" అంది ఆవిడ, అందరినీ చూస్తూ.

డ్రైవరు నేల మీద చతికిలబడ్డాడు. "కాదు" అంది. మాస్టారు కూచోబోయి, మోకాలు పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో కాస్త బిగువు సడలింది. ఊపిరి తీసుకుంది. నర్సు వైపు వేలు చూపించింది, మాస్టారు వైపు చూపించింది, వీధివైపు చూపించింది.

"అందరూ... కూచో... కూచో..." మాట జారిపోయింది. మళ్ళీ వెతుక్కుంది. ఎంతసేపైందో. దూరంగా ఎవరింట్లోనో కుక్కరు కూతపెట్టింది. దర్జీ నాలుక మీద అరడజను మాటలు తయారుగా ఉన్నాయి, వాటిని మింగేశాడు. "కూచో... డానికి. బస్సు... కాదు. సీటు. సీటు!"

"బెంచీ!" అంది నర్సు. "పిన్నీ, ఇక్కడ బెంచీ కావాలంటున్నారు కదూ! అందరూ కూచోడానికి!"

"రైట్ రైట్ రైట్ రైట్" అంది కండక్టరమ్మ. దర్జీ నోటి మీది చెయ్యి తీసి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుంది.

నిజమే. ఇన్ని మళ్ళు గీశారు, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. వచ్చినవాళ్ళు వంగి పని చేసుకుని, నడుం పట్టుకుని ఇళ్ళకు పోతున్నారు. ఒకరితో ఒకరు నిలబడి మాట్లాడే మాటెంతసేపు? జీవితమంతా నిలబడి ప్రయాణం చేసి, నలుగురినీ సీట్లలో సర్ది కూచోబెట్టిన మనిషికి అది ముందే కనపడింది. మిగతావాళ్ళు చిక్కుళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక దర్జీ మిషను ముందు కూచున్నాడు గానీ తొక్కలేదు.

"ఇన్నాళ్ళూ నీ మాటలన్నీ నేనే మాట్లాడేశాను" అన్నాడు. "నువ్వు కష్టపడుతుంటే చూడలేకపోయానోయ్. అంతే."

ఆవిడ వచ్చి పక్కన కూచుంది. నోరు తెరిచింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ కూచున్నాడు. ఎక్కించి, తీసేసి, మళ్ళీ ఎక్కించాడు. తల ఎత్తితే నోరు ఊరుకోదని ఆయన భయం.

"నీ..." అంది. "నీ... గొడుగు." తల అడ్డంగా ఊపింది. "గొ... గొంతు. బావుంది."

దర్జీ సూది పక్కన పెట్టాడు.

"నా గొంతా?"

"ఇన్నాళ్ళూ... లేదు." తనవైపు చూపించుకుని, చేత్తో నోరు గలగలమన్నట్టు ఆడించి చూపింది. తన సొదలో ఆయన గొంతు ఎన్నడూ వినలేదని ఆవిడ చెబుతోంది. ఈసారి ఆయన ఆ మాటను పూరించలేదు. చొక్కా చేతికి ముఖం తుడుచుకుని, "టీ పెట్టనా?" అన్నాడు. ఆవిడ "తలుపు" అంది. ఇద్దరూ పడి పడి నవ్వారు.

బెంచీ ఆ వారమే తయారైంది. డ్రైవరు పాత లారీ బాడీ చెక్కలు తెచ్చాడు. ఆవిడ ఏరి పోగేసిన ఇటుక ముక్కలతోనే కాళ్ళు కట్టారు. మాస్టారు రసమట్టం పెట్టి చూసి, ఒక పక్క కొంచెం వాలిందన్నాడు. "ఆ పక్కన నువ్వు కూచో, సరిపోతుంది" అన్నాడు డ్రైవరు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందనడానికి లేదు. ఆవిడ మళ్ళీ బస్సెక్కి డ్యూటీ చెయ్యలేదు. డిపోవాళ్ళు వచ్చి, శాలువా కప్పి, మంచి మాటలు చెప్పి వెళ్ళిన రోజున ఆవిడ తోటలోకి కూడా రాలేదు. కొన్ని మాటలు తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. అయితే ఆ బెంచీ మీద కూచున్నవాళ్ళకు ఆగడం అలవాటైంది. ఆవిడ మాట వెతుక్కుంటుంటే మాస్టారు కొత్తిమీర కాడ గిల్లుకుంటూ కూచునేవాడు. డ్రైవరు బీడీ వెలిగించబోయి, నర్సు చూపు చూసి, జేబులో పెట్టేసుకునేవాడు. దర్జీ కూడా ఆగేవాడు. ఒక్కోసారి ఆగలేకపోయేవాడు. అప్పుడు ఆవిడ మోచేత్తో డొక్కలో పొడిచేది.

వర్షాలకు ముందు నర్సు మళ్ళో మొదటి టమాటాలు పండాయి. చూడబోతే నాలుగే. వచ్చినవాళ్ళు అంతకు రెట్టింపు. మాస్టారు ఒక్కొక్కటీ ఎన్ని ముక్కలు చెయ్యాలో లెక్క కడుతుంటే, కండక్టరమ్మ చెయ్యి చాచి అన్నిటికన్నా పెద్దది తీసుకుని, కొంగుతో తుడిచి, కసుక్కున కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది. మిగిలింది పక్కనున్న దర్జీ చేతిలో పెట్టింది. ఆయన కొరికి డ్రైవరుకి ఇచ్చాడు. అలా ఆ పండు బెంచీ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది.

"కొంచెం పుల్లగా ఉంది" అన్నాడు దర్జీ.

కండక్టరమ్మ ఆయనవైపు తిరిగింది. ఏదో చెప్పబోయి ఆగింది. అందరూ చూస్తున్నారు. నర్సు రెండో పండు తుడుస్తూ కూచుంది.

"పండు... తియ్యగానే ఉంది" అంది ఆవిడ చివరికి, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ. "నీ... నోరే... బాగాలేదు."

డ్రైవరు తొడ చరిచి నవ్వాడు. దర్జీ కూడా నవ్వి, రుచి మళ్ళీ చూసి చెబుతానని నర్సు వైపు చెయ్యి చాచాడు.